స్ట్రాబెర్రీ మడిలో కలుపు మందుల కథ



కిందటి శీతాకాలంలో లంబసింగి దగ్గర ఒక కొండవాలు మడిలో నిలబడి ఉండగా, ఆ మడి రైతు నన్నొక ప్రశ్న అడిగాడు. "బాబూ, వరికి కలుపు మందుంది, మొక్కజొన్నకీ ఉంది. ఈ స్ట్రాబెర్రీకి మాత్రం ఏ మందూ లేదా? కలుపు కూలి ఇచ్చుకోలేక పోతున్నాం" అన్నాడు. ప్రశ్న చిన్నదే. కాని ఉందని చెబితే ఆ సాయంత్రమే దుకాణానికి పోతాడు. లేదని చెబితే ఎవరో ఒకరు వేరే పంట మందును అంటగడతారు. అందుచేత, "కాస్త చదువుకొని వచ్చి చెబుతాను తాతా" అన్నాను. చదవగా తేలిందేమిటంటే, ఆ ప్రశ్న మన కొండలకు కొత్తేగాని, లోకానికి కొత్త కాదు. డెబ్బై ఎనభై ఏళ్లుగా స్ట్రాబెర్రీ రైతులు ఆ ప్రశ్నకు జవాబులు వెదుకుతూనే ఉన్నారు. వారికి దొరికిన జవాబులేమిటో, ఒక్కొక్క జవాబుకు ఎంత మూల్యం చెల్లించారో ఈ పూట చెప్పుకుందాం.

ముందు మొక్క సంగతి. నేడు మనం తినే పెద్ద స్ట్రాబెర్రీ అడవిలో పుట్టింది కాదు. 1714లో ఫ్రెజియే అనే ఫ్రెంచి సైనిక ఇంజనీరు చిలీ దేశం నుండి పెద్ద కాయ కాసే మొక్కలు కొన్ని ఫ్రాన్సుకు తెచ్చాడు. ఉత్తర అమెరికా నుండి అంతకుముందే వచ్చిన మరో జాతి పక్కన ఇవి పెరిగాయి. ఆ రెండింటికీ సంకరం జరిగి నేటి స్ట్రాబెర్రీ పుట్టింది. ఆ గుట్టును డుషేన్ అనే శాస్త్రజ్ఞుడు 1766లో బయటపెట్టాడు.

ఈ మొక్క గుణాలు మూడు మనసులో పెట్టుకోండి. ఒకటి, పొట్టిది, నేలను అంటుకొని ఉంటుంది, కలుపు కాస్త లేచిందంటే నీడలో పడిపోతుంది. రెండు, వేళ్లు పైపైనే ఉంటాయి. ఎక్కువ భాగం జానెడు లోతులోపే. మూడు, తీగలు సాగి ఎక్కడికక్కడ పిలకలు నాటుకుంటుంది. పాత పద్ధతిలో ఒకసారి నాటిన తోటను మూడు నాలుగేళ్లు ఉంచేవారు. రెండో ఏటికి పిలకలన్నీ అల్లుకొని సాలు చాప పరచినట్లు ఐపోయేది. ఇక గుంటక దిగదు, దంతి దిగదు. పార వేస్తే కలుపుతోపాటు పంట వేళ్లూ తెగుతాయి. చేత్తో పీకడం ఒక్కటే దారి.

మందులు రాకముందు వాళ్లేం చేసేవారు? కాయ కింద గడ్డి పరిచేవారు. దానివల్ల కాయకు మట్టి అంటదు, తడి ఆరదు, కలుపు కొంత అణుగుతుంది. ఐతే ఆ గడ్డిలో మిగిలిన గింజలు మొలిచి అవే కలుపైన సందర్భాలు లేకపోలేదు. అమెరికాలో మరొక తమాషా ఉపాయం ఉండేది. తోటలోకి పెద్దబాతులను తోలేవారు. బాతు గడ్డిజాతి మొక్కలను ఇష్టంగా తింటుంది, స్ట్రాబెర్రీ ఆకు జోలికి అంతగా పోదు. కాని వెడల్పాకు కలుపును అది వదిలేస్తుంది. కాయ పండే వేళకు బాతులను బయటికి తోలకపోతే పంట కూడా మిగలదు! నవ్వకండి, ఈ బాతు సంగతి ముందు ముందు మనకు పనికొస్తుంది. ఒక దాన్ని తిని మరొక దాన్ని వదిలిపెట్టడమే కలుపు మందుకు కూడా కావలసిన గుణం.

అటువంటి గుణమున్న మందు రెండవ ప్రపంచ యుద్ధం నాటికి దొరికింది. దాని పేరు 2,4-డి. మొక్కలో పెరుగుదలను నడిపే ఆక్సిన్ అనే సహజ పదార్థం ఉంటుంది. దానిని పోలినదే ఈ మందు. వెడల్పాకు మొక్క దీనిని తన సొంత పదార్థమే అనుకొని తీసుకుంటుంది. అదుపు తప్పి పెరిగి, మెలికలు తిరిగి చస్తుంది. గడ్డిజాతి మొక్క తట్టుకుంటుంది. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ యుద్ధకాలపు రహస్యం చాటున ఈ పరిశోధనలు సాగాయి. 1944లో న్యూయార్కు రాష్ట్రంలోని జెనీవా పరిశోధన కేంద్రంలో హామ్నర్, టూకీ అనే శాస్త్రజ్ఞులు పొలంలో పాకే మొండి తీగ కలుపు మీద దీనిని చల్లి ఫలితం చూపించారు. 1945 నాటికి అది అంగడికి వచ్చింది. వరికి, గోధుమకు, మొక్కజొన్నకు అది వరమైంది.

మరి స్ట్రాబెర్రీ వెడల్పాకు మొక్కే గదా, అది చావదా? చావలేదు, అదీ విశేషం. కొంత మోతాదు వరకు తట్టుకుంది. కాని తట్టుకోవడానికి ఒక కాలముంది. కాయ కోతలు ముగిసిన తరువాత, ఆకులు కోసి తోటను బాగుచేసే ముందు చల్లితే మొక్క ఓర్చుకొని కోలుకుంటుంది. అదే మందును పగళ్లు కురుచనయ్యే రోజులలో చల్లితే? అప్పుడు ఆ చలిదేశాలలో మరుసటి ఏటి పూమొగ్గ మొక్క గర్భంలో రూపుదిద్దుకుంటూ ఉంటుంది. పైకి మొక్క పచ్చగానే కనిపిస్తుంది. మర్నాటి ఏడు కాయలు మాత్రం వంకర టింకరగా వస్తాయి. తప్పు చేసిన రోజుకూ, తప్పు కనిపించిన రోజుకూ మధ్య కొన్ని నెలలు! మందు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు ముందు ఎప్పుడు అన్న ప్రశ్న ఉన్నదని ఆ రైతులు నేర్చుకున్నారు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను డిప్లొమా ముగించి ఉద్యోగంలో చేరిన రెండో సంవత్సరం, ఒక పెద్దాయన మిరప చేలో ఆకులన్నీ సన్నబడి, మెలి తిరిగిపోయాయని కబురు పెట్టాడు. వెళ్లి చూశాను. పైముడత అనుకొని తామర పురుగుకు మందు రాసి ఇచ్చాను. వారం గడిచాక, "ఏం బాబూ, మందు కొట్టినా ముడత పోలేదే?" అన్నాడు. మళ్లీ వెళితే గట్టు మీద స్ప్రేయరు కనిపించింది. మూత తీస్తే ఘాటైన వాసన. అంతకుముందు ఆ పంపుతోనే వరిలో 2,4-డి చల్లారట! ఒక్కసారి నీళ్లు తొలిపి మిరపకు వాడారు. ఆ అడుగున మిగిలిన తడే అంత పని చేసింది. పురుగు లేని చేలో పురుగు మందు కొట్టించి ఆయన డబ్బు నేనే దండగ చేశాను. మిరప, పత్తి, టమాటా, ద్రాక్ష 2,4-డి గాలికి కూడా దెబ్బతింటాయని పుస్తకంలో చదువుకున్న వాణ్ణే. చదివినది చేలో గుర్తుకు రాలేదు. ఆనాటి నుండి ముడత చూస్తే ముందు పంపు మూత తీసి వాసన చూస్తాను.

మళ్లీ కథకు వద్దాం. 1950ల దశకంలో స్ట్రాబెర్రీ తోటలకు సెసోన్ అనే మరో మందు వచ్చింది. క్రాగ్ అనే పేరుతో అమ్మేవారు. దీని తెలివి వేరు. ఆకు మీద పడితే పెద్దగా హాని చేయదు. తడి నేలను చేరాక, అక్కడి సూక్ష్మజీవుల వల్ల మారి 2,4-డి అవుతుంది. అంటే నిద్రపోతూ వచ్చి నేలలో మేలుకొనే మందన్నమాట. అక్కడ మొలకెత్తుతున్న గింజను చంపుతుంది. లేచి నాలుగాకులు వేసిన కలుపును ఏమీ చేయలేదు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత ఈ మందుకు అచ్చంగా సరిపోతుంది. కనుక ముందు చేత్తో తోటను శుభ్రం చేసి, ఆ తరువాతే చల్లవలసి వచ్చేది. మందు వచ్చిందని కలుపు తీయడం మానుకున్నవాడికి మందు ఖర్చూ మిగిలింది, కలుపూ మిగిలింది.

1956లో స్విట్జర్లాండులోని బాజెల్ నగరపు గైగీ కంపెనీ సిమజీన్ అనే మందు తెచ్చింది. ఇది లీటరు నీటిలో సుమారు 6 మిల్లీగ్రాములకు మించి కరగదు. కరగదు కాబట్టి కిందికి దిగదు. పై పొరలోనే నిలిచి ఉంటుంది. అక్కడ మొలిచిన కలుపు దానిని పీల్చుకొని, ఎండ నుండి ఆహారం చేసుకోలేక పసుపెక్కి చస్తుంది. స్ట్రాబెర్రీ వేళ్లు ఆ పొరకు దిగువన ఉంటే బతికిపోతాయి. 2,4-డి విషయంలో పంటను కాపాడింది కాలం. ఇక్కడ కాపాడింది లోతు. బ్రిటన్, ఐర్లండు దేశాలలో ముదురు తోటలకు ఇది బాగా ఉపయోగపడింది. ఇసుక నేలలలో, నాటిన వెంటనే, లేక పెద్ద వాన పడినప్పుడు మందు వేళ్లను చేరి పంటనే కాల్చేది.

కొత్తగా నాటిన మొక్కకు లోతు వేళ్లు ఉండవు గదా! దానికి వాళ్లు పన్నిన ఉపాయం చిత్తగించండి. మందులను పీల్చి పట్టి ఉంచే గుణం ఉండేట్లు ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గుపొడిని నీళ్లలో చిక్కగా కలిపి, నారు వేళ్లను అందులో ముంచి నాటారు. వేరు చుట్టూ ఉన్న బొగ్గు మందును పట్టేసి వేరును కాపాడింది. మన పొయ్యి బొగ్గుకు అంత శక్తి ఉండదు సుమండీ, ఇంటికి వెళ్లి ప్రయత్నించకండి.

ఇంత చక్కగా సాగుతున్న పనికి గండి ఎక్కడ పడింది? అమెరికా పడమటి కొసన వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక మొక్కల నర్సరీ ఉండేది. అది స్ట్రాబెర్రీ తోట కాదు గాని, వాడినది ఈ మందే. 1958 నుండి ఏటా ఒకటి రెండు సార్లు సిమజీనునో, దాని సోదరి అట్రజీనునో చల్లుతూ వచ్చారు. పదేళ్లకు, 1968లో, గ్రౌండ్‌సెల్ అనే చిన్న పసుపుపూల కలుపు చావడం మానేసింది. మామూలు మొక్కను చంపే మోతాదుకు ఎన్నో రెట్లు పోసినా చావలేదు. 1970లో రయన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ సంగతి ప్రకటించాడు. ఈ జాతి మందులకు లొంగని కలుపు గురించి మొదటి నివేదిక అదే. మందు కలుపుకు కొత్త బలం ఇవ్వలేదు. లక్షల మొక్కలలో పుట్టుకతోనే ఆ మందుకు లొంగనివి ఏవో ఒకటి రెండు ఉండి ఉంటాయి. ఏటా లొంగే వాటినన్నిటినీ మనం చంపిపెట్టాం. లొంగని దానికి చేను మొత్తం అప్పగించాం. ఆ పైన సిమజీన్ భూగర్భ జలాలలోకి చేరుతోందని తేలి, ఐరోపా కూటమి 2004లో దానికి అనుమతి నిరాకరించింది. కరగదనుకున్నది కూడా ఏళ్ల తరబడి పోస్తే బావి దాకా పోయింది.

అదే కాలంలో కాలిఫోర్నియా రైతులు వేరే దారి పట్టారు. అక్కడ వెర్టిసిలియం అనే బూజు నేలలో ఉండి స్ట్రాబెర్రీని ఎండగొట్టేది. దాన్ని అణచడానికి నాటేముందే నేలలోకి విషవాయువు పంపి, పైన ప్లాస్టిక్ దుప్పటి కప్పే పద్ధతి వచ్చింది. క్లోరోపిక్రిన్ అనేది మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన వాయువే. దానికి మిథైల్ బ్రోమైడును కలిపితే తెగులు అణుగుతుందని విల్‌హెల్మ్, ఆయన తోటి పరిశోధకులు 1961లో ప్రకటించారు. తెగులుతోపాటు నేలలోని కలుపు గింజలూ చాలావరకు చచ్చాయి. గట్టి తొక్క గింజలు మాత్రం కొన్ని బతికి బయటపడేవి. వాయువు పోయాక ప్లాస్టిక్ పరిచి, చిల్లులు పెట్టి నారు నాటారు. తోటను ఏళ్ల తరబడి ఉంచక ఏడాదికొకసారి కొత్తగా నాటుకోసాగారు. దిగుబడులు పెరిగాయి. నలభై ఏళ్లు ఆ వాయువు మీదే ఆధారపడ్డారు.

ఐతే మిథైల్ బ్రోమైడు పైకి లేచి, ఎండలోని హానికర కిరణాల నుండి మనలను కాపాడే ఓజోను పొరను కొరుకుతుందని తేలింది. ఓజోను రక్షణకు 1987లో మాంట్రియల్ నగరంలో ప్రపంచ దేశాలు కుదుర్చుకున్న ఒప్పందంలో, 1992లో ఈ వాయువును కూడా చేర్చారు. సంపన్న దేశాలు 2005 నాటికి, మిగిలిన దేశాలు 2015 నాటికి మానుకోవాలన్నారు. కాలిఫోర్నియా స్ట్రాబెర్రీ రైతులు మాకు వేరే దారి లేదని ఏటేటా మినహాయింపు తెచ్చుకుంటూ వచ్చారు. పండ్ల తోటలకు ఆ మినహాయింపు 2016తో ముగిసింది. ఒకే కర్ర మీద ఆనుకున్నవాడికి అది లాగేస్తే ఎంత కష్టమో చూడండి.

చివరి ఘట్టం మనసుకు కష్టం కలిగించేది. డి.సి.పి.ఎ. అనే కలుపు మందు, డాక్తాల్ అనే పేరుతో, 1958 నుండి అమెరికాలో అమ్ముడైంది. ఉల్లి, కాబేజీ జాతి కూరలతోపాటు స్ట్రాబెర్రీకీ దానిని వాడారు. మొలకెత్తే గింజను చంపే నెమ్మది మందని దానికి పేరు. 2024 ఆగస్టులో అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ దానిని అత్యవసరంగా నిలిపివేసింది. అటువంటి అత్యవసర ఉత్తర్వు దాదాపు నలభై ఏళ్లలో అదే మొదటిది. కారణం ఏమిటి? ఆ మందు తగిలిన గర్భిణుల కడుపులోని బిడ్డకు థైరాయిడ్ రసం సమతూకం తప్పవచ్చని, దాని ఫలితం బిడ్డ జీవితమంతా ఉండవచ్చని తేలింది. చల్లేవారికే కాదు, చల్లిన తరువాత ఆ చేలో పనికి దిగిన ఆడవారికీ ఆ ముప్పు ఉన్నదన్నారు. 66 ఏళ్లు వాడిన తరువాత తెలిసిన సంగతి ఇది.

మన చేలలో కలుపు తీసేది ఎవరు? ఆడవారే. మందు కలపడానికి బిందెలతో నీళ్లు మోసేది ఎవరు? వారే. మందు చల్లిన బట్టలు ఉతికేదీ వారే. కాబట్టి ఈ కబురు సముద్రాల అవతలిది గదా అని తోసెయ్యడానికి వీలు లేదు.

మన దేశంలోనూ ఈ కథకు ఒక పాయ ఉంది. 1937లో పంజాబులో అడవి కుసుమ జాతి ముళ్ల కలుపు మీద సోడియం ఆర్సెనైట్, అంటే పాషాణం జాతి విషం, చల్లి చూశారు. మందుతో కలుపును చంపే ప్రయత్నం మన దేశంలో అదే మొదటిదని చెబుతారు. 1952 నుండి వరి, గోధుమ, చెరకు పంటలలో భారత వ్యవసాయ పరిశోధన మండలి కలుపు మందుల పరీక్షలు మొదలుపెట్టించింది. 1989లో కలుపు పరిశోధనకే ప్రత్యేకంగా జబల్‌పూరులో ఒక జాతీయ కేంద్రం వెలసింది. స్ట్రాబెర్రీ మాత్రం చాలాకాలం మహారాష్ట్రలోని మహాబలేశ్వరం కొండల పంటగానే ఉండి, ఇటీవలి సంవత్సరాలలో మన లంబసింగి చలికి చేరింది. ఇక్కడ ఎత్తు మడులు, డ్రిప్పు గొట్టాలు, మల్చింగ్ షీటు ముందే వచ్చాయి. ఇది మనకు మేలే. మందుల దారిలో డెబ్బై ఏళ్లు తిరిగినవారు కూడా చివరకు షీటు, నీటి పొదుపు, చేతి కలుపు ఈ మూడింటి దగ్గరికే వచ్చారు. మందును వాటికి తోడుగా మాత్రం ఉంచుకున్నారు.

ఇక ఆ కొండ రైతుకు నేను మళ్లీ వెళ్లి చెప్పిన జవాబు మీకూ చెబుతాను.

షీటు పరచడానికి మూడు వారాల ముందే మడి తయారుచేసి తడి పెట్టండి. కలుపు గింజలు మొలుస్తాయి, మొలవనివ్వండి. రెండాకుల దశలో పైపైన చెక్కి పారేసి, నేలను మళ్లీ లోతుగా తిరగేయకుండా షీటు పరచండి. తిరగేస్తే అడుగు గింజ పైకి వస్తుంది. షీటు వెలుతురు చొరనిదై ఉండాలి. కాలిఫోర్నియాలో వేడి కోసం తెల్లని పారదర్శక షీటు వేసినచోట దాని కిందనే కలుపు పెరిగింది.

తుంగ ఉంటే షీటును నమ్ముకోకండి. తుంగ మొన సూదిలా షీటును పొడుచుకొని పైకి వస్తుంది. వేసవి దుక్కిలో దాని గడ్డలు ఏరి ఎండబెట్టాలి. తుంగ పోయేవరకు ఆ మడిలో స్ట్రాబెర్రీ నాటకపోవడమే మంచిది.

మొక్క చిల్లులో లేచిన కలుపును చిన్నదిగా ఉన్నప్పుడే పీకండి. మడుల మధ్య కాలవలో గింజ లేని వరిగడ్డి పరచండి. పంట ముగిశాక షీటు ముక్కలు నేలలో కలియకుండా ఏరివేయండి.

మందు మాటకు వస్తే, డబ్బా మీద, దానితో ఇచ్చే కాగితం మీద ఏ పంట పేరు ఉందో ఆ పంటకే వాడాలి. స్ట్రాబెర్రీ పేరు లేనిది స్ట్రాబెర్రీకి వద్దు. దుకాణదారు మాట, పక్క రైతు మాట దానికి సాటి కాదు. పక్క చేలో మొక్కజొన్నకు 2,4-డి చల్లుతుంటే గాలివాలు చూసుకొమ్మని ముందుగానే చెప్పుకోండి. కలుపు మందుకు వేరే పంపు పెట్టుకోండి. ఏ పంటలో ఐనా ఏటా ఒకే జాతి మందు చల్లకండి. ఏ మందు ఎప్పుడు చల్లారో గోడ మీదైనా రాసుకోండి. గర్భిణులను, పిల్లలను మందు దగ్గరకు, మందు చల్లిన చేలోకి రానివ్వకండి.

ఇదంతా విని ఆ రైతు, "అంటే కలుపు కూలి తప్పదన్నమాట" అన్నాడు.

"తగ్గుతుంది తాతా, తప్పదు" అన్నాను. ఆయన కాసేపు మడికేసి చూసి, "సరే, తడి ఎప్పుడు పెట్టమంటావో తేదీ చెప్పు" అన్నాడు. తేదీ చెప్పి వచ్చాను. ఆ మొదటి చెక్కుడుకు నేనూ వెళతాను. మీ మడికి కూడా తేదీ వేసుకోవాలనుకుంటే, నారు తెప్పించక ముందే మీ ఊరి వ్యవసాయ సహాయకుణ్ణి పిలిపించుకోండి.